మందిరం అప్పు తీర్చడానికి వాగ్దాన కానుకలు: సంఘంలో ఎలా నడపాలి?

చర్చి మందిరం కట్టేటప్పుడు డబ్బు అడగడం తేలిక. ఒకరు సిమెంటు ఇస్తారు, ఒకరు మైకు సెట్టు కొనిస్తారు, ఇంకొకరు ఫ్యాన్లు పెట్టించి రెక్కల మీద తాతగారి పేరు రాయించుకుంటారు. ప్రతిష్ఠ ఆరాధన అయ్యి, భోజనాలు చేసి అందరూ ఇళ్లకు వెళ్లాక మిగిలేది అప్పు. వడ్డీ మీద ఎవరి పేరూ రాయించలేం. కట్టేసిన గోడకి మళ్లీ డబ్బెందుకు అనిపిస్తుంది జనానికి. అందుకే ప్రతిష్ఠ నాడు ఉన్న ఊపు రెండేళ్లు తిరిగేసరికి ఉండదు, ఆదివారం కానుకలో పెద్ద భాగం వాయిదాలకే పోతుంటుంది.

ఇలాంటప్పుడు పనికొచ్చే పద్ధతి వాగ్దాన కానుకలు. దశమ భాగం, మామూలు కానుక ఎప్పటిలాగే ఇస్తూ, దానికి వేరుగా ప్రతి కుటుంబం "ఈ రెండేళ్లలో ఇంత ఇస్తాం, ఫలానా నెలల్లో ఇస్తాం" అని కార్డు రాసిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సంఘాల తీరుని దృష్టిలో పెట్టుకుని దీన్ని ఎలా నడపాలో చెబుతాను.

మొదట అప్పుల చిట్టా

కమిటీలో ఎవరిని అడిగినా "ఓ పద్దెనిమిది లక్షలు ఉంటుందండి" అంటారు. ఆ 'ఓ'తో పని మొదలుపెట్టకండి. సెక్రటరీ, ట్రెజరర్, స్త్రీల సమాజం నుంచి ఒకరు, లెక్కలు తెలిసిన ఉద్యోగి ఒకరు ఒక సాయంత్రం కూర్చుని ప్రతి బాకీనీ విడివిడిగా రాయాలి. ఎవరికి బాకీ, అసలెంత, వడ్డీ ఎంత, నోటు ఎవరి పేరున ఉంది, హామీగా ఏం పెట్టారు.

నోటు ఎవరి పేరున ఉంది అన్న దగ్గరే అసలు సంగతులు బయటపడతాయి. బ్యాంకు అప్పు సొసైటీ పేరున ఉంటుంది గానీ, ఊళ్లో తెచ్చినదానికి ప్రోనోటు ఎవరో ఒక పెద్దాయన తన పేరున రాసిచ్చి ఉంటారు. శ్లాబు వేసే ముందు రోజు ఐరన్ కొట్టువాళ్లు సరుకు ఆపేస్తే ఆయన ఇంట్లో గాజులు తాకట్టుకి వెళ్లి ఉంటాయి. ఆయన నోరు తెరిచి చెప్పుకోరు, సంఘానికి తెలియదు. అవి కూడా చిట్టాలోకి ఎక్కాలి. ఎక్కించేటప్పుడు ఆయన్ని అడిగి ఎక్కించండి.

ఉదాహరణకి తొంభై కుటుంబాల సంఘం ఒకటి అనుకుందాం. మొత్తం అప్పు 18 లక్షలు. బ్యాంకులో 12 లక్షలు, ఏడాదికి 12 శాతం వడ్డీ, పదేళ్ల వాయిదాలు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి 4 లక్షలు. ఐరన్ కొట్టుకీ మేస్త్రికీ కలిపి 2 లక్షలు.

నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు 12 లక్షల మీద మొదటి నెల వడ్డీ 12,000, ఊళ్లో 4 లక్షల మీద 8,000. బ్యాంకు అప్పుతో పోలిస్తే అసలు మూడో వంతే, వడ్డీ మాత్రం మూడింట రెండు వంతులు! ఇక బ్యాంకు వాయిదా నెలకి సుమారు 17,200 వస్తుంది. రెండేళ్లు ఒక్క నెలా తప్పకుండా కడితే 4 లక్షల 13 వేలు కట్టినట్టు. అందులో అసలుకి జమయ్యేది 1 లక్షా 40 వేలు మాత్రమే, మిగతాదంతా వడ్డీ. ఈ ఒక్క లెక్క బోర్డు మీద రాసి చూపిస్తే అరగంట ప్రసంగం అక్కర్లేదు. మీ అప్పుకి నెలవారీ పట్టిక ఇమ్మంటే బ్యాంకువాళ్లు ప్రింటు తీసి ఇస్తారు. తెచ్చి మందిరం తలుపు పక్కన అంటించండి.

ఏ బాకీ ముందు?

మేస్త్రిది. వడ్డీ లేదు కదా అని కూలి బాకీని చివరికి నెట్టేస్తారు. సెంట్రింగు కొట్టినవాళ్ల కూలి ఆపి ఆ కప్పు కింద పాటలు పాడటం ఏం బాగుంటుంది? ఊళ్లో సంఘం పేరు చెడేది కూడా అక్కడే. ఆ తర్వాత కొట్టు బాకీ, రెండు రూపాయల వడ్డీ అప్పు. చివర బ్యాంకు.

బ్యాంకుకి ముందుగా కట్టే ముందు రెండు విషయాలు అడగండి. ముందుగా కడితే పెనాల్టీ ఉందా? కట్టినదానికి వాయిదా తగ్గిస్తారా, నెలలు తగ్గిస్తారా? నెలలే తగ్గించమని కాగితం రాసి ఇవ్వండి.

లక్ష్యం, మెట్లు

మీటింగులో మొదట వచ్చే మాట ఇది: "18 లక్షలు, 90 ఇళ్లు, ఇంటికి ఇరవై వేలు, అయిపోయింది." వినడానికి సమానంగా ఉంటుంది గానీ న్యాయం కాదు. జీతం మీద బతికే ఇద్దరు టీచర్ల ఇంటికి రెండేళ్లలో ఇరవై వేలు పెద్ద లెక్క కాదు, వాళ్లు అక్కడితో ఆగిపోతారు కూడా. ఉపాధి హామీ పనికి వెళ్లే ఆవిడకి ఇరవై వేలంటే డ్వాక్రా గ్రూపులో మరో అప్పు.

తలకింత అని కాకుండా మెట్లుగా వేసుకోండి. ఇదే సంఘంలో లక్ష ఇవ్వగలిగినవారు ఇద్దరు, యాభై వేలు ఆరుగురు, ఇరవై అయిదు వేలు పదిహేను మంది, పది వేలు ముప్పై మంది, మూడు వేలు పాతిక మంది దొరికితే మొత్తం 12 లక్షల 50 వేలు. పన్నెండు ఇళ్లు ఏమీ రాయకపోయినా ఈ లెక్క నిలుస్తుంది. వాళ్లని లెక్కలోంచి ముందే తీసేయడం మంచిది, మొహమాటం ఉండదు.

రాసినదంతా వస్తుందనుకోవద్దు. అయిదో వంతు రాదనే అనుకుని 10 లక్షలకి ప్లాను వేయండి. అందులో 6 లక్షలతో కూలి, కొట్టు, ఊళ్లో అప్పు తీరతాయి. మిగిలిన 4 లక్షలు రెండో ఏడు చివర బ్యాంకుకి ఒకేసారి కడితే, ఇంకా 96 నెలలు కట్టాల్సింది దాదాపు 49 నెలలకి దిగుతుంది. అన్నట్టు, ఎన్నికల ముందు వచ్చి "మందిరానికి నా వంతు లక్ష" అన్న నాయకుడి మాటని ఏ మెట్టులోనూ వేయకండి. వస్తే సంతోషం.

సంఘాన్ని అడిగే ముందు కమిటీవాళ్లు, పాస్టరు గారు తమ కార్డులు రాసేయాలి. ఎవరెంత రాశారో చెప్పక్కర్లేదు. "కమిటీలో పదకొండు మందిమి రాశాం, మొత్తం ఇంత వచ్చింది" అంటే చాలు.

కార్డు మీద నెల రాయించండి

పట్నం పద్ధతిలో "నెలకి ఇంత" అని కార్డు కొట్టిస్తే మన దగ్గర సగం మంది మూడో నెలకే తప్పుతారు. వాళ్లకి భక్తి లేక కాదు, ఆ నెలలో చేతిలో డబ్బు లేక.

వరి రైతుకి డబ్బు కనిపించేది ధాన్యం అమ్మాక, అంటే డిసెంబరు, జనవరిల్లో. ఉద్దానంలో జీడి పిక్కలు వేసవిలో చేతికొస్తాయి. తీరం పల్లెల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, ఆ 61 రోజులూ ఇక్కడ వేటాడే ఇంటిని అడగనే కూడదు. గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసేవాళ్లు వేసవికి ఇంటికొస్తారు, వాళ్ల కుటుంబాలు ఇచ్చేది అప్పుడే. విజయనగరం, రాజాం, బొబ్బిలి వైపు జనపనార మిల్లు కార్మికుల సంగతి వేరు, మిల్లు నడిస్తేనే కూలి, లాకౌటు పడితే ఏమీ లేదు. టీచర్లు, ఆర్టీసీ వాళ్లు నెలనెలా ఇవ్వగలరు. కాబట్టి కార్డులో పన్నెండు నెలల పేర్లూ అచ్చు వేయించి, ఇవ్వగలిగిన నెలకి సున్నా చుట్టమనండి.

కార్డు మాటలు ఇలా ఉంటే సరిపోతుంది:

"మందిరం అప్పు నిమిత్తం మా కుటుంబం రెండేళ్లలో ______ రూపాయలు ఇవ్వాలని అనుకుంటున్నాం. ఇచ్చే నెలలు (సున్నా చుట్టాలి): జనవరి ... డిసెంబరు. నగదుగా / బ్యాంకు ద్వారా / ధాన్యంగా. మా పరిస్థితి మారితే ఈ మొత్తం తగ్గించుకుంటాం, లేదా మానుకుంటాం. కారణం ఎవరూ అడగరు."

ఆఖరి మాట వద్దని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, అలా రాస్తే ఎవరూ కట్టరని. ఉంచండి. ఆ మాట ఉంటేనే భయపడేవాళ్లు కూడా కార్డు రాస్తారు. మ్రొక్కుకుని చెల్లించకపోవడం కంటే మ్రొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయంలో ఉంది కదా. మన జనం ఆ వాక్యాన్ని చాలా సీరియస్‌గా తీసుకుంటారు. కష్టం వచ్చి కట్టలేకపోయిన ఇల్లు, మొహం చెల్లక ఆరాధనకే రావడం మానేస్తుంది. అప్పు తీర్చబోయి మనుషుల్ని పోగొట్టుకోవడం అక్కడ మొదలవుతుంది.

మూడు ఆదివారాలు

సంక్రాంతి వెళ్లాక, శ్రమ దినాలు (ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజులు) మొదలవకముందు మూడు ఆదివారాలు పెట్టుకోండి. మొదటి వారం చిట్టా చదవాలి, డబ్బు అడగకూడదు. రెండో వారం ఆరాధన తర్వాత ప్రశ్నలు. "అంచనా కంటే ఆరు లక్షలు ఎందుకు పెరిగింది?" అని ఎవరో అడుగుతారు. ఐరన్ రేటు పెరిగిందా, ప్లాను మధ్యలో మార్చి బాల్కనీ కలిపారా, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ప్రశ్నకి అక్కడ జవాబు రాకపోతే టీ కొట్టు దగ్గర వేరే జవాబు పుడుతుంది.

మూడో వారం కార్డులు పంచి ఇంటికి పంపాలి. అక్కడికక్కడే చేతులెత్తించడం, పేరు పిలిచి "బ్రదర్, మీరెంత?" అనడం వద్దు. ఊపులో భర్త యాభై వేలు అంటాడు, చీటీ పాట వాయిదా, పిల్లాడి ఫీజు తెలిసిన భార్యకి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇద్దరూ కూర్చుని రాసుకుని, కవరులో పెట్టి తర్వాతి వారం ఇవ్వాలి. కవర్లు తెరిచేది ఇద్దరు మాత్రమే.

పాట జరుగుతుండగా ఎవరైనా చెవి దుద్దులు తీసి పళ్లెంలో వేస్తే తీసుకుని, రెండు రోజులాగి ఇంటికెళ్లి ఒకసారి అడగండి. నిజంగా ఇవ్వాలనుకున్నవారు మళ్లీ అదే మాట చెబుతారు. అప్పుడు తూకం చీటీతో సహా ఇద్దరు వెళ్లి అమ్మాలి. ఒకటో తారీఖున వచ్చే 4,000 పింఛను మీదే బతికే మామ్మ నెలకి యాభై రాస్తే, వందకి పెంచమని ఎవరూ అనకూడదు.

డబ్బు చేతులు మారే చోట

యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయించమని డబ్బు ఇస్తే, ఇరవై మూడో ఏడు వచ్చినా పని జరగలేదని రెండో రాజుల గ్రంథం 12వ అధ్యాయం చెబుతుంది. అప్పుడు మూతకి బెజ్జం ఉన్న పెట్టె ఒకటి పెట్టించారు. పెట్టె నిండినప్పుడల్లా రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. ఇద్దరు లెక్కపెట్టడం అప్పటినుంచీ ఉన్న పద్ధతే, ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

అప్పు కోసం సంఘం పేరున వేరే ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు ఉండాలి. స్కానరు ఆ ఖాతాదే పెట్టండి. పాస్టరు గారి సొంత ఫోన్‌పే నంబరు ఇస్తే రేపు ఆయన ఎంత నిజాయితీపరుడైనా మాట పడతారు. ప్రతి కానుకకీ రసీదు, యాభై రూపాయలకైనా సరే.

చట్టం విషయాలు కొన్ని. ఒక వ్యక్తి నుంచి ఒకేరోజు రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. చేబదులు తీర్చేటప్పుడు కూడా ఇరవై వేలు, ఆపైన అయితే చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ చేయాలి. కేవలం ఆరాధన కోసమే ఉన్న సంఘానికి ఇచ్చే కానుకకి మామూలుగా ఇన్‌కం టాక్స్ మినహాయింపు రాదు, కాబట్టి ఉద్యోగస్తులకి ఆ ఆశ చూపించకండి. గల్ఫ్‌లోనో ఓడల మీదో పనిచేసే మన కుర్రాళ్లు భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లయితే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం వస్తుంది. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఎంత దగ్గరి బంధువైనా అంతే.

రెండేళ్లు గుర్తుండేలా

గోడకి పెద్ద చార్టు వేసి 1,800 గడులు గీయండి, గడికి వెయ్యి రూపాయలు. అసలు తీరిన కొద్దీ సండే స్కూల్ పిల్లలు రంగులు వేస్తారు. వడ్డీకి పోయినదానికి రంగు వేయకూడదు. పిల్లలు "ఈ నెల ఒక్కటీ లేదేంటి?" అని అడగాలి.

నోటీసు బోర్డు మీద మూడు నెలలకోసారి మొత్తాలు పెట్టండి: వచ్చిందెంత, ఎవరికి కట్టాం, ఇంకా ఉన్నదెంత. కుటుంబాల పేర్లూ బాకీలూ పెట్టొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. వెనకబడిన ఇంటికి సున్నా చుట్టిన నెల దాటాక ఒక పెద్దాయన వెళ్లి బాగోగులు కనుక్కుని, ప్రార్థన చేసి రావాలి. కార్డు సంగతి వాళ్లు ఎత్తితేనే మాట్లాడాలి.

కోత పండుగ వేలంపాట కూడా ఈ ఖాతాకే రాసుకోవచ్చు. గుమ్మడికాయ ఒకటి ఎనిమిది వందలకి పాడినాయన మళ్లీ బల్ల మీదే పెట్టేస్తాడు, ఇంకొకాయన వెయ్యికి పాడతాడు. సరదాగా ఉంటుంది, డబ్బూ వస్తుంది. కాకపోతే పాట డబ్బు ఆ రోజే కట్టించుకోండి. లేకపోతే గుమ్మడికాయ బాకీలని ఇంకో పుస్తకం తెరవాల్సి వస్తుంది.

చివరి కాగితాలు

ఊళ్లో అప్పు తీరిన రోజే ప్రోనోటు వెనక్కి తీసుకుని, "చెల్లు" అని రాయించి సంతకం పెట్టించుకోండి. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవి కూడా. పెద్దాయన తన పేరున రాసిచ్చిన నోటైతే దాన్ని ఆయన చేతికే ఇవ్వాలి, జిరాక్సు సంఘం ఫైల్లో ఉంచాలి. బ్యాంకు దగ్గర బాకీ లేదన్న సర్టిఫికెట్టు, స్థలం ఒరిజినల్ దస్తావేజులు తీసుకోండి. తనఖా రిజిస్టరు అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని రద్దు కూడా రిజిస్టరు చేయించి, కొన్ని రోజులాగి ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్టు) తీసి చూడండి. తనఖా అందులో రద్దయినట్టు కనిపించాకే చార్టులో ఆఖరి గడికి రంగు వేయించండి.