ఛాతీ ఎక్స్‌రే చదవడం – 3వ పాఠం: ఫిల్మ్ సరిగా వచ్చిందా?

గాలి నల్లగా, కండా నీరూ బూడిదరంగులో, ఎముక తెల్లగా ఎందుకు పడతాయో పోయిన పాఠంలో చూశాం. ఈసారి కూడా జబ్బు జోలికి పోవద్దు. ఫిల్మ్ సరిగా తీశారో లేదో తేల్చుకోకుండా ముందుకెళ్తే లేని జబ్బు కనిపిస్తుంది.

ముందు ఊపిరి. నిండుగా పీల్చి బిగబడితే డయాఫ్రం (ఊపిరితిత్తుల అడుగున ఉండే కండరపు పొర) కిందికి దిగుతుంది, ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి. పక్కటెముకల్లో దాదాపు అడ్డంగా పోయేవి వెనకభాగాలు, ఏటవాలుగా దిగేవి ముందుభాగాలు. వెనకవాటిని పైనుంచి లెక్కపెట్టండి. డయాఫ్రం పైన తొమ్మిదో పదో కనిపిస్తే ఊపిరి చాలినట్టే. ఏడు దగ్గరే ఆగిపోతే అడుగుభాగాలు ముడుచుకుని తెల్లబడతాయి, గుండె వెడల్పుగా అగుపిస్తుంది. న్యుమోనియా అని పొరబడేది ఇక్కడే.

1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ మొదలైన ఊరు మన చెన్నై. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి రైలెక్కి ఇక్కడి ఆసుపత్రులకు వచ్చే మనవాళ్లెందరో. ఎక్స్‌రే గదిలో తమిళంలో చెప్పే మాట పెద్దవాళ్లకు ఒక్కోసారి అందదు. అందుకే వెంట వెళ్లినవాళ్లు బయటే చెప్పి పంపండి: “నిండా పీల్చి, వదలమనేదాకా బిగబట్టు నాయనా, కదలకు.” ఫిల్మ్ చెడితే మళ్లీ తీయాలి. ఒక ఛాతీ ఎక్స్‌రే మోతాదు 0.1 మిల్లీసీవర్ట్‌కు (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మించదు. ప్రకృతి నుంచే మనకు ఏడాదికి ప్రపంచ సగటున 2.4 దాకా అందుతుంది. భయపడాల్సింది లేదు, కానీ అక్కర్లేని మోతాదు కొంచెమైనా ఎందుకు?

తర్వాత నిలబడిన తీరు. రెండు కాలర్ ఎముకల లోపలి కొనలూ నడుమ వెన్నుముళ్లకు సమదూరంలో ఉండాలి. ఒకవైపు జరిగితే మనిషి తిరిగి నిలబడ్డట్టు.

ఇక కిరణం వచ్చిన దిక్కు. మామూలుగా ఛాతీని బొమ్మ పడే పలకకు ఆనించి, వెనకనుంచి సుమారు 180 సెంటీమీటర్ల దూరాన ఎక్స్‌రే ట్యూబు పెడతారు. గుండె పలకకు దగ్గరగా ఉంటుంది కాబట్టి నీడ పెద్దగా సాగదు. మంచం మీదే తీస్తే కిరణం ముందునుంచి, తక్కువ దూరం నుంచి వస్తుంది. గుండె నీడ పెద్దదవుతుంది. ఆ ఫిల్మ్ చూసి “గుండె పెరిగింది” అని తొందరపడి అనకండి. గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటిందా అని రిపోర్టులో చూసే కొలత నిలబెట్టి తీసినదానికే నమ్మకంగా పనికొస్తుంది.

అభ్యాసం: ఇంట్లో ఉన్న పాత ఛాతీ ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు పట్టుకోండి. కుడి–ఎడమ గుర్తు చూసి, గుండె మొన ఎటు ఉందో గమనించి, వెనక ఎముకలు లెక్కపెట్టి రాసుకోండి. పక్కనుంచి తీసిన ఫిల్మ్ ఉంటే దాన్నీ తీసి ఉంచండి, నాలుగో పాఠం దానితోనే.