బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సపోర్ట్ టీమ్ వేసే ముందు ఇవి చూసుకోండి

టీమ్‌లో ఎవరెవరని పేర్లు రాసేయకండి, ముందు స్టాఫ్‌రూమ్ బీరువా తెరవండి. మా బడిలో తెరిస్తే చూపు తక్కువున్న పిల్లల కోసం ఎప్పుడో వచ్చిన పెద్దక్షరాల పుస్తకాలు కట్ట కూడా విప్పకుండా కనిపించాయి, అవి కావాల్సిన పాపేమో పదో తరగతి దాటి వెళ్లిపోయింది. ఏమేం ఉన్నాయో నోటుబుక్కులో రాయండి, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా (నవ్వకండి, అసలు సమస్య అదే).

– నలుగురైదుగురు చాలు. మొత్తం హెడ్మాస్టర్ మీదే పెడితే ఆయన ట్రాన్స్‌ఫర్‌తో టీమూ పోతుంది. ఒక తల్లినో తండ్రినో తప్పకుండా కలుపుకోండి.

– మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడి టీచర్‌తో ముందే మాట్లాడండి.

– నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు చాలామంది. అలాంటి పిల్లాడు తెలుగు తడుముకుంటూ చదివితే వెంటనే ‘స్లో’ అని ముద్ర వేయొద్దు. అదే లెక్క తమిళంలో అడిగి చూడండి, టక్కున చెప్పేస్తాడేమో! కంటి పరీక్ష, చెవి పరీక్ష అయ్యాయా అన్నదీ చూడాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా ఉన్నాయి, కానీ అవి తేల్చాల్సింది డాక్టర్లు, మనం కాదు.

– పిల్లల రిపోర్టులు వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అస్సలు.

– తిరుపతిలో అయితే మొదటి మీటింగ్ బ్రహ్మోత్సవాల రోజుల్లో వద్దు. అమ్మానాన్నలు అంగళ్లలోనో ఆటోల మీదో ఉంటారు, మీరూ టీ, బిస్కెట్లూ మిగులుతారు.