నానో కణాల కోటింగ్ బ్యాచ్ బ్యాచ్‌కీ మారిపోతోందా?

మందు మోసుకెళ్లే ఐరన్ ఆక్సైడ్ కణాలు చేసేవాళ్లు టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో సైజు ఒకేలా కనిపిస్తే నిశ్చింతగా ఉంటారు. అది చాలదు. ఆ ఫొటోలో పైపూత సరిగ్గా కనిపించదు. రక్తానికి ముందు తగిలేదేమో ఆ పూతే.

సమస్య: అదే ప్రొసీజర్, కానీ సిట్రేట్ పూసిన కణాల జీటా పొటెన్షియల్ (కణం పైనున్న చార్జ్‌ను సూచించే కొలత) ఒకసారి మైనస్ 35, ఇంకోసారి మైనస్ 18 మిల్లీవోల్టులు

రెండుసార్లూ ఒకే పీహెచ్‌లో, ఒకే ఉప్పు గాఢతలో కొలిచారా? లేకపోతే ఆ అంకెలను పోల్చడం దండగ.

కొలత సరైనదే అయితే ముందు నీళ్లను అనుమానించండి. తిరుపతిలో చాలాచోట్ల బోరు నీళ్లే. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది కాల్షియం. కుళాయి కింద కడిగి అలాగే ఆరబెట్టిన బీకరులోనూ అదే మిగులుతుంది. అది రెండు కణాల మీది సిట్రేట్‌లను కలిపి పట్టుకుంటుంది, చార్జ్ తగ్గుతుంది, కణాలు గుంపు కడతాయి. చివరిగా డీఅయోనైజ్డ్ నీళ్లతో (లవణాలు తీసేసిన నీళ్లు) రెండు మూడుసార్లు కడిగాకే గాజు సామాను వాడండి.

తర్వాత కణాల తయారీకి వాడే ఇనుప లవణం, ఫెర్రస్ క్లోరైడ్ సీసా చూడండి. లేత ఆకుపచ్చగా ఉండాలి. అక్టోబరు, నవంబరు వానల్లో మాటిమాటికీ మూత తీస్తే తేమ, గాలి తగిలి పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. అంటే ఫెర్రస్ కొంత ఫెర్రిక్ అయిపోయిందన్నమాట. ఇక మీరు ఎంత జాగ్రత్తగా తూచినా కణాలకు కావలసిన ఫెర్రస్, ఫెర్రిక్‌ల 1:2 నిష్పత్తి నిలవదు. సీసాను డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని డబ్బా) పెట్టండి, ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి, గాలి తగలకుండా పంపే నైట్రోజన్ ఆపకండి.

సమస్య: నీళ్లలో బాగున్నవి సెలైన్‌లో పాలు విరిగినట్టు విరిగిపోతున్నాయి

బ్యాచ్ పాడైందని పారబోయకండి. సిట్రేట్ కణాలను విడిగా ఉంచేది చార్జ్ ఒక్కటే. సెలైన్‌లోని 0.9 శాతం ఉప్పు దాని ప్రభావాన్ని అణిచేస్తుంది. పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) గానీ డెక్స్‌ట్రాన్ గానీ పూతగా వేయండి, వాటి పొడవాటి గొలుసులే కణాలను దగ్గరికి రానివ్వవు. కైటోసాన్ పూత అయితే పీహెచ్ 7.4లో దిగిపోవడం సహజమే, దాని ఎమైన్లు (నైట్రోజన్ ఉండే గుంపులు) అక్కడ చార్జ్ కోల్పోతాయి.

సమస్య: మందు సరిగ్గా అతుక్కోవడం లేదు

ఎక్కువగా కడగడంలోనే లోపం. విడిగా మిగిలిన సిట్రిక్ యాసిడ్, మందును పూతకు అతికించే ఈడీసీ అనే రసాయనాన్ని తినేస్తుంది. అయస్కాంతంతో కణాలను పక్కకు లాగి, కడిగిన నీళ్ల కండక్టివిటీ స్థిరపడేదాకా కడగండి. ఎఫ్‌టీఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చేసే పరీక్ష) విడి సిట్రిక్ యాసిడ్ చూపే, 1,710 సెం.మీ⁻¹ దగ్గరి పీక్ తగ్గి, 1,600 దగ్గర కార్బాక్సిలేట్ పీక్ నిలవాలి. ట్రిస్, గ్లైసిన్ బఫర్లు వద్దు, వాటి ఎమైన్లు మందుతో పోటీ పడతాయి. ఈడీసీ సీసాను ఫ్రీజర్ నుంచి తీశాక, గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి.