కాలయాన కామిక్ కథలో చిక్కుముడి ఎలా విప్పుకున్నానంటే

నా కాలయాన కామిక్ కథ ఎన్నిసార్లు తిరగరాసినా ఎక్కడో చూసినట్టే ఉండేది. ఏది ముందో ఏది వెనకో నాకే తెలిసేది కాదు. కొత్త యంత్రం, కొత్త ప్రతినాయకుడు, రెండు ముగింపులు ప్రయత్నించినా ఫలితం లేకపోయింది.

చివరికి యంత్రాన్నే తీసేసి, 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో సుమారు 150 మందిని కాపాడిందని హైదరాబాదులో చెప్పుకునే అఫ్జల్‌గంజ్ చింతచెట్టును ద్వారంగా పెట్టుకుని, ఆ చెట్టు బతికున్న కాలాలకు మాత్రమే నాయిక వెళ్లగలదన్న ఒక్క నియమం రాసుకున్నాను. తరువాత ప్రతి సంఘటననూ రెండేసి చీటీలపై రాసి, పై వరుసను తేదీల ప్రకారం, కింది వరుసను ఆమె అనుభవించిన క్రమంలో పేర్చి, కారణం నుంచి ఫలితానికి దారం కట్టాను. దారం అందని సంఘటనలు 11 తేలాయి. వాటిలో నాకెంతో ఇష్టమైన పడవ దృశ్యమూ ఉంది; మనసొప్పకపోయినా తీసేశాను. ఆ తరువాతే పేజీలకు గడులు గీశాను.

నాది ఒకే చోట నడిచే 24 పేజీల కథ. పలు కాలరేఖలున్న ధారావాహికకు ఇది సరిపోతుందో లేదో చెప్పలేను.