బైనాక్యులర్ పట్టీ మెలి తిరగకుండా ఇట్ల అల్లాను

మన్ననూరు, ఫర్హాబాద్ దిక్కు అడవిలో నడిచేటప్పుడు కంపెనీ సన్న పట్టీ మెడను కోస్తది. 4 మి.మీ. నైలాన్ పారాకార్డ్ (పారాచూట్ తాడు లాంటి గట్టి సన్న తాడు) నయం. బజార్ల చవక ప్లాస్టిక్ తాడు తేవద్దు, పాలమూరు ఎండకు పెళుసుబారి పోగులు లేస్తది.

పట్టీ పొడవు 40 అంగుళాలు. లోపలి రెండు వరుసలకు 9 అడుగుల తాడు. దాన్ని రెండు కొక్కేల గుండా తిప్పి, కొసలను ఒక కొక్కెం పక్కన డబుల్ ఫిషర్‌మన్ ముడితో (ఒక్కో కొసను రెండో దాని చుట్టూ రెండేసి చుట్లు తిప్పి, ఆ చుట్లలోంచి దూర్చి బిగించేది) కలపాలి. ఉత్త ముడి నైలాన్‌లో జారుతది. ఈ రెండు వరుసల చుట్టూ ఇంకో తాడుతో ముడులు వేస్తూ అల్లాలి, కానీ మొత్తం అల్లడం దండగ. మెడ మీద ఆనే 12 అంగుళాలు చాలు. అంగుళానికి సుమారు అడుగు తాడు పడుతది, కొసలతో 14 అడుగులు తీసుకోండి.

అల్లిక మెలి తిరిగిందంటే ప్రతి ముడి ఒకే పక్క నుంచి మొదలైందని అర్థం. ఒకటి ఎడమ నుంచి, తర్వాతది కుడి నుంచి వేయాలి. రెండు రంగుల తాళ్లు కలిపి అల్లితే తప్పు వెంటనే దొరుకుతది: సరిగా వస్తే ఎప్పుడూ ఒకే రంగు తాడు పైనుంచి పోతది.

చివరలను 5 మి.మీ. వదిలి కోసి, లైటర్‌తో కరిగించి, తడి చెంచా వెనుక భాగంతో అదమాలి. గరుకు మిగిలితే మెడ గీసుకుపోతది. 3 కిలోల బరువు రాత్రంతా వేలాడదీసి, కలిపిన ముడి జారిందేమో తెల్లారి చూడండి.