పాత స్విచ్చుకు కొత్త లైటు కలిపే ముందు

బ్రహ్మోత్సవాలకు తిరుపతిలో చుట్టాలు దిగేలోపే వరండాలోనో మేడమెట్ల దగ్గరో ఇంకో లైటు కావాలనిపిస్తుంది. ఉన్న స్విచ్చుకే కలిపేట్టయితే ఇవి చూసుకోండి.

మెయిన్ ఆపితే చాలదు, ఇన్వర్టర్ కూడా ఆపండి. చాలా ఇళ్లలో లైట్ల లైను దాని మీదే ఉంటుంది. మెయిన్ ఆపిన మరుక్షణం బ్యాటరీ అందుకుంటుంది, తీగలో మళ్లీ 230 వోల్టులు.

అంతకు ముందే టెస్టర్‌ను కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూడండి. అన్నీ ఆపాక తీగను చూడాల్సింది దానితోనే; పాడైన టెస్టర్ కరెంటున్నా వెలగదు.

రంగును నమ్మకండి. ఎరుపు ఫేజు (కరెంటు తెచ్చే తీగ), నలుపు న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) అన్నది పద్ధతే. చేతికందిన ముక్కతో పని కానిచ్చిన మహానుభావులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

స్విచ్ ఫేజు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద ఉంటే లైటు ఆరినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది.

స్విచ్ బాక్సులో న్యూట్రల్ లేదని పక్క సర్క్యూట్ నుంచి లాగకండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఊరికే ట్రిప్ అవుతుంటుంది.

లోడు బెంగ వద్దు. 9 వాట్ల ఎల్‌ఈడీ 6 ఆంపియర్ల స్విచ్చుకు ఒక లెక్కా?

గేటు లైటయితే జాయింటు మూత ఉన్న బాక్సులోనే వేయండి. మనకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే.

తీగ వంచగానే తొడుగు పొడిపొడిగా రాలితే అక్కడే ఆగి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.