తక్కువ ఖర్చులో బలమైన డీసీ మోటార్ ఎక్కడ దొరుకుతుంది, చూసి ఎలా కొనాలి

ఆన్‌లైన్‌లో హై పవర్ డీసీ మోటార్ అని వెతికితే రెండే రకాలు ఎదురొస్తాయి. ఒకటి అరచేతిలో ఇమిడిపోయే 775 మోటార్, దాని పక్కన 300 వాట్లు, హై టార్క్ (తిప్పే బలం ఎక్కువ) అని పెద్ద అక్షరాలు. రెండోది ఫ్యాక్టరీలకి అమ్మే మోటార్, ధర చూడగానే ప్రాజెక్ట్ మానేద్దామనిపిస్తుంది. మనకి పనికొచ్చేవి ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి, కానీ వాటిని హాబీ మోటార్ల పేరుతో అమ్మరు. ఎలక్ట్రిక్ స్కూటర్, ట్రెడ్‌మిల్, ఈ-రిక్షా, కారు, ఇలా లక్షల్లో తయారయ్యే వాహనాల్లో, యంత్రాల్లో ఉండే మోటార్లే వాట్‌కి అన్నిటికంటే చవగ్గా పడతాయి.

షాపుకి వెళ్లేముందు మీకు ఎన్ని వాట్లు కావాలో లెక్కేసుకోండి. చాలామంది ఇది వదిలేసి "బాగా పవర్‌ఫుల్‌ది ఇవ్వండి" అంటారు, కొట్టువాడు తన దగ్గర మిగిలిపోయింది చేతిలో పెడతాడు. ఒక ఉదాహరణ తీసుకుందాం. పొలంలో రెండు యూరియా బస్తాలు మోసే బ్యాటరీ బండి చేస్తున్నారు. బస్తా 45 కిలోలు, బండి, బ్యాటరీలు కలిపి మొత్తం 150 కిలోలు అనుకోండి. పది మీటర్లకి ఒక మీటరు ఎత్తు ఎక్కే వాలులో బండి వెనక్కి జారకుండా పట్టుకోవడానికే దాదాపు 150 న్యూటన్ల బలం కావాలి. మట్టిదారి చక్రాన్ని పట్టి లాగేది ఇంకో 120 దాకా వేసుకోండి. మొత్తం 270. మనిషి నడిచే వేగం, అంటే గంటకి నాలుగు కిలోమీటర్లు, సెకనుకి 1.1 మీటర్లు. బలాన్ని వేగంతో గుణిస్తే 300 వాట్లు. గేర్లలో, చైన్‌లో, మోటార్ వేడిలో పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి 420 వాట్ల పైనే లాగుతుంది. అంటే 250 వాట్ల మోటార్లు రెండు చాలు, కిలోవాట్ మోటార్ అక్కర్లేదు.

ఈ పనికి నేను మొదట చూడమనేది చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లలో వాడే ఎమ్‌వై 1016 రకం. 24 వోల్టులు, 250 వాట్లు, లోడ్ మీద 13, 14 ఆంప్స్ లాగుతుంది, నిమిషానికి 2,700 చుట్లకి అటూఇటూ తిరుగుతుంది. దీంట్లోనే పేరు చివర జెడ్ ఉన్నదానికి గేర్‌బాక్స్ కూడా కలిపి వస్తుంది, బయటికి 300 చుట్ల దగ్గర ఇస్తుంది. మామూలుగా దాని మీద సైకిల్ చైన్ పట్టే 9 పళ్ల స్ప్రాకెట్ ఉంటుంది కాబట్టి చక్రానికి పాత సైకిల్ నుంచి తీసిన 48 పళ్ల చైన్ చక్రం బిగిస్తే వేగం 56 చుట్లకి దిగుతుంది. 40 సెంటీమీటర్ల చక్రమైతే సరిగ్గా మనిషి నడక వేగమే. దీనివల్ల లేత్ పని బాగా తగ్గుతుంది, ఆ ఖర్చు చిన్నదేం కాదు.

బరువు చూస్తే మోటార్ సత్తా చాలావరకు తెలిసిపోతుంది. ఈ 250 వాట్ల మోటార్ దాదాపు రెండు కిలోలు తూగుతుంది. పావుకిలో, అరకిలో ఉన్న మోటార్ 300 వాట్లు ఇస్తుందంటే అది కొన్ని క్షణాల మాట, గంటసేపు నడిపితే వైండింగ్, అంటే లోపల చుట్టిన రాగి తీగ, మాడుతుంది.

పాత ట్రెడ్‌మిల్ మోటార్ చాలా మంచి సరుకు. జిమ్‌లు మూతపడినప్పుడు, ఇళ్లలో బట్టలు ఆరేసుకోవడానికి మిగిలిపోయినప్పుడు ఇవి తక్కువకి వచ్చేస్తాయి. లేబుల్ మీద 180 వోల్టులు, ఒకటిన్నర హెచ్‌పీ, 4,000 చుట్లు అని ఉందనుకోండి. ఇలా లోపల అయస్కాంతాలున్న పర్మనెంట్ మాగ్నెట్ మోటార్ వేగం వోల్టేజీని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది కాబట్టి అదే మోటార్‌కి 48 వోల్టుల బ్యాటరీ పెడితే వెయ్యి చుట్ల దగ్గర తిరుగుతుంది. అదే కరెంట్‌కి అదే టార్క్, కానీ పవర్ మాత్రం పావువంతే. కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చిన్న లేత్‌కి, బెల్ట్ గ్రైండర్‌కి పూర్తి వేగం కావాలంటే దానితో వచ్చిన బోర్డే వాడాలి, కానీ ఆ బోర్డుల్లో చాలావరకు ఇంటి కరెంట్‌కి నేరుగా కలిసే ఉంటాయి. 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయితే, అంటే డీసీగా మారితే, 325 దాకా వెళ్తుంది. ఎర్తింగ్ లేకుండా నడపొద్దు, కవర్ తీసి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. ఇంకోటి, దాని ఫ్లైవీల్ మర చాలావాటికి ఎడమవైపు తిరిగేది, బలవంతంగా మామూలు వైపు తిప్పితే షాఫ్ట్ పాడవుతుంది.

ఇంకా పెద్దది, గో-కార్ట్ లాంటిది చేస్తుంటే ఈ-రిక్షా మోటార్ చూడండి. 48 వోల్టుల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటార్), 850 వాట్ల నుంచి కిలోవాట్, ఆపైన కూడా ఉంటాయి. మెకానిక్‌లు రోజూ మార్చే సామాను కాబట్టి కంట్రోలర్ (మోటార్‌కి కరెంట్‌ని అదుపు చేసి ఇచ్చే పెట్టె), థ్రాటిల్, వైరింగ్ అన్నీ స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతాయి. హోవర్‌బోర్డ్ చక్రం మోటార్లు కూడా బాగుంటాయి, ఒక్కోటి 36 వోల్టుల మీద 250, 350 వాట్లు, టైరుతో సహా వస్తుంది. కానీ గేర్ లేదు కాబట్టి బరువుతో మెల్లగా వాలు ఎక్కిస్తే వేడెక్కిపోతాయి.

కారు వైపర్ మోటార్ టార్క్ బాగానే ఇస్తుంది కానీ మెల్లగా తిరుగుతుంది కాబట్టి పవర్ తక్కువ, గేటు తెరవడానికి, కోళ్లఫారంలో మేత కలపడానికి సరిపోతుంది. స్టార్టర్ మోటార్ జోలికి మాత్రం పోవద్దు. చవగ్గా వస్తుంది, వందల ఆంప్స్ మింగుతుంది, కొన్ని సెకన్లు తిరగడానికే చేసినది, నిమిషాలకొద్దీ నడిపితే కాలిపోతుంది.

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో కంట్రోలర్లు, కనెక్టర్లు, మాస్ఫెట్లు (కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ భాగాలు), చిన్న మోటార్లు దొరుకుతాయి. మోటార్లు, బేరింగులు, చైన్లు, పుల్లీలకి సికింద్రాబాద్ రాణిగంజ్ మేలు. విజయవాడ వాళ్లకి ఆటోనగర్ ఉంది. కారు సామాను, లేత్ పని, వెల్డింగ్ ఒకేచోట అయిపోతాయి. మీ ఊళ్లో మోటార్ రీవైండింగ్ చేసే అతన్ని పరిచయం చేసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఆయన దగ్గరికి వచ్చి యజమానులు తీసుకెళ్లని మోటార్లు మూలన పడి ఉంటాయి, ఏది బాగుందో ఆయనకి తెలుసు కూడా. పాత ఇనుప సామాన్ల కొట్టులో తూకానికి అమ్ముతారు, రాగి ఉంటుంది కాబట్టి ఇనుము రేటుకి ఇవ్వరు, అయినా కొత్తదానికంటే చాలా తక్కువే.

పాతది కొంటుంటే జేబులో మల్టీమీటర్ ఉండాలి. బ్రష్‌లున్న (తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్ ముక్కలున్న) మాగ్నెట్ మోటార్ అయితే ముందు షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి, గరగరమంటే బేరింగ్ పోయింది, అది మార్చుకోవచ్చు, భయపడక్కర్లేదు. తర్వాత రెండు వైర్లూ కలిపి పట్టుకుని మళ్లీ తిప్పండి. బ్రేక్ వేసినట్టు బిగుసుకుంటే అయస్కాంతాలు, వైండింగ్ ప్రాణంతో ఉన్నట్టే. ఏ తేడా లేకుండా తేలిగ్గా తిరిగితే బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు, తీగ తెగి ఉండొచ్చు. వైర్లు విడదీసినా బిగుసుకునే ఉంటే లోపల షార్ట్. మీటర్‌ని ఓమ్స్ మీద ఉంచి ఒక కొస వైర్‌కి, ఇంకోటి బాడీకి పెడితే కనెక్షన్ ఏమీ చూపించకూడదు. బ్రష్ తీసి లోపల కమ్యుటేటర్, అంటే బ్రష్‌లు రాసుకునే రాగి పట్టీల చుట్టు, చూడండి, సమానంగా రాగిరంగో గోధుమరంగో ఉంటే సరే, ఒకటి రెండు పట్టీలు మాత్రం నల్లగా మాడి ఉంటే వదిలేయండి. మాడిన వార్నిష్ వాసన వస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. చివరగా బ్యాటరీ పెట్టి ఖాళీగా తిప్పి ఆంప్స్ చూడండి, 24 వోల్టుల 250 వాట్ల మోటార్ గేర్ లేకుండా రెండు ఆంప్స్ దగ్గర ఉండాలి. ఐదో ఆరో చూపిస్తే లోపల ఏదో రాసుకుంటోంది, లేదా షార్ట్ ఉంది.

బేరంలో ధరని వాట్లతో భాగించండి. 250 వాట్లది మూడు వేలు అంటే వాట్‌కి 12 రూపాయలు. అలా చూస్తే రెండు షాపుల మధ్య, పాతదానికి కొత్తదానికి మధ్య తేడా వెంటనే తెలుస్తుంది. కానీ మోటార్ ఒక్కటే లెక్కేస్తే మోసపోతాం. కంట్రోలర్, బ్యాటరీ, ఛార్జర్, స్ప్రాకెట్ అన్నీ కూడాలి. మోటార్ ఫ్రీగా వచ్చినా దాని వోల్టేజీకి కంట్రోలర్ దొరక్కపోతే అది చవక కాదు. చిన్న మోటార్లు నడిపే ఎల్298 బోర్డు ఛానెల్‌కి రెండు ఆంప్సే మోస్తుంది, దాన్ని ఈ మోటార్లకి కట్టొద్దు. మోటార్ ఇరుక్కుపోయినప్పుడు వచ్చే కరెంట్ మామూలు కరెంట్‌కి చాలా రెట్లు ఉంటుంది, అందుకే కరెంట్ లిమిట్ ఉన్న స్కూటర్ కంట్రోలరే తీసుకోండి.

మొదటిసారి నడిపేటప్పుడు చక్రాలు నేలకి తగలకుండా బండిని ఇటుకల మీద పెట్టండి, బ్యాటరీ పక్కనే మోటార్‌కొకటి చొప్పున 20 ఆంప్స్ ఫ్యూజు, చేతికందే చోట పెద్ద కటాఫ్ స్విచ్ ఉండాలి. పది నిమిషాలు లోడ్ మీద నడిపాక మోటార్ బాడీ మీద చెయ్యి పెట్టండి. రెండు మూడు సెకన్లు కూడా ఉంచలేకపోతే మోటార్ మార్చే ముందు గేర్ రేషియో పెంచి చూడండి, ఎక్కువసార్లు దాంతోనే సరిపోతుంది.